మా ఇంటి నర్సమ్మ

మా చెల్లె నర్సు. ఈ మాట నలుగురిలో చెప్పడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. వద్దంది. ఇంట్లో అందరికీ చోటీ. నాకంటే ఆరేళ్లు చిన్నది. అబ్బాకు సూర్యాపేటలో బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. నేను బీఏ చదివి తెలుగు పత్రికలో చేరాను. 'మీరు తెలుగు ఇంత బాగా రాస్తారే!' అని ఆశ్చర్యపోయే వాళ్ల మధ్య పాతికేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను.

2002లో చోటీ ఇంటర్ బైపీసీ పాసైంది. నర్సింగ్ చదువుతానంది. ఆ వారమే నేను మా పత్రికలో ఒక వ్యాసం రాశాను. ముస్లిం ఆడపిల్లలు పదో తరగతి దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారని, దీనికి మన మౌల్వీలూ మన తండ్రులూ బాధ్యులు కారా అని. పేజీలో పైన వేశారు. చదివిన వాళ్లు ఉత్తరాలు రాశారు. ఆదివారం ఇంటికొస్తే అమ్మీ చెప్పింది, చోటీ దరఖాస్తు ఫారం తెచ్చుకుందని.

"నర్సా? జనం ఏమంటరు?" అన్నాను. వ్యాసం రాసిన చేత్తోనే ఫారం తీసి అల్మారా మీద పడేశాను.

మామూ వచ్చాడు. చాచా వచ్చాడు. పంచాయితీ అయ్యింది. 'పరాయి మొగోళ్ల ఒళ్లు తుడిచే పని. రాత్రి డ్యూటీలు. ఎవడు చేసుకుంటడు దీన్ని?' ఇవీ వాళ్ల మాటలు. నేను అంతకంటే చదువుకున్న మాటలు వాడాను. టీచర్ ట్రైనింగ్ చెయ్యొచ్చు గదా, డిగ్రీ చదవొచ్చు గదా అన్నాను. అర్థం మాత్రం ఒకటే.

అప్పటిదాకా వంటింట్లో ఉన్న అమ్మీ బయటికొచ్చింది. సంతకం చేయడం కూడా రాని మనిషి. "దీన్ని కన్నప్పుడు సర్కారు దవాఖానలో నా పక్కన ఎవరున్నరు? డాక్టరమ్మ తెల్లారినంక వచ్చింది. రాత్రంతా నా చెయ్యి పట్టుకున్నది కేరళ నర్సమ్మ. కిరస్తానీ పిల్ల. ఆమె రాత్రి డ్యూటీ చేయకపోతే నేను బతుకుతుంటినా? పరాయోళ్ల ఆడపిల్లలు మనకు చెయ్యాలె, మన పిల్లలు మాత్రం ఇంట్ల కూసోవాల్నా?"

ఎవ్వరూ మాట్లాడలేదు. అబ్బా లేచి అల్మారా మీద ఫారం తీసి చోటీ చేతికిచ్చాడు.

మతానికీ ఈ అభ్యంతరానికీ సంబంధం లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముప్పై దాటాక ఒక ఉర్దూ వ్యాసాన్ని తెలుగు చేస్తుంటే రుఫైదా అల్ అస్లమియా పేరు తగిలింది. ప్రవక్త కాలంలో మదీనాలో గాయపడ్డ వాళ్లకు సేవ చేసిన స్త్రీ. మసీదు దగ్గరే ఆమె గుడారం ఉండేదట. 627లో ఖందక్ యుద్ధంలో గాయపడ్డ సాద్ ఇబ్న్ ముఆజ్‌ను ఆమె గుడారంలోనే ఉంచి చూశారని చెబుతారు. వైద్యం ఆమె తన తండ్రి దగ్గర నేర్చుకుందట. ఇస్లాం చరిత్రలో మొదటి నర్సుగా ఆమెను గుర్తు చేసుకుంటారు. మా మొహల్లా జుమ్మా ప్రసంగంలో ఈ పేరు నేను ఒక్కసారీ వినలేదు. మసీదు పక్కన గుడారం వేసుకున్న ఆడమనిషిని మేము మరిచిపోయి, 'ఎవడు చేసుకుంటడు' అన్న మాటను మాత్రం దీన్ అనుకున్నాం.

చోటీ జీఎన్ఎం చేసింది. హాస్టల్లో ముస్లిం పిల్లలు ఇద్దరే. మొదట్లో బుర్ఖా వేసుకుని బస్సు దిగి, గేటు దగ్గర మడిచి సంచిలో పెట్టుకుని తెల్ల యూనిఫాంతో వార్డులోకి పోయేది. ఇంట్లో 'నర్సువు కదా' అని అనుమానం. వార్డులో 'తురకల పిల్ల గదా' అని అనుమానం. ఒక ముసలామె సూది వేయించుకునే ముందు పేరడిగి, విని, 'ఇంకో సిస్టర్ లేదా?' అందట. మూడో రోజు ఆ ముసలామే వేరే ఎవరొచ్చినా వద్దని, 'ఆ తురక నర్సమ్మ చెయ్యి మెల్లగుంటది, ఆమెను పిలువుండ్రి' అందట. ఈ కథ చోటీ నవ్వుతూ చెప్పేది. నేను నవ్వలేదు. మొదటి రోజు మాటే నాలో ఉండిపోయింది.

2007 వచ్చింది. అప్పుడు చోటీ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉంది. మే 18న మక్కా మసీదులో పేలుడు. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలుళ్లు. ఆగస్టు రాత్రి ఆమె డ్యూటీ దిగలేదు. మర్నాడు మధ్యాహ్నం రూముకు వచ్చి నిద్రపోయింది. పది రోజులకు ఇంటి ఓనరు మర్యాదగానే, రూము తమ చుట్టాలకు కావాలన్నాడు. ఎవరి గాయాలకు ఆమె కట్లు కట్టిందో ఆయనకు అక్కర్లేకపోయింది. పేరు చాలు.

ఆ రోజుల్లో నేను పాతబస్తీలో పోలీసులు ఎత్తుకుపోయిన ముస్లిం కుర్రవాళ్ల గురించి రాస్తున్నాను. వాళ్లలో చాలామంది తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్ల గురించి రాశాను గానీ చోటీ రూము గురించి రాయలేదు. రాస్తే మా చెల్లె నర్సు అని కూడా రాయాలి గదా!

అదే ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దాని కిందే చోటీకి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో సీటు దొరికింది. రెండేళ్ల చదువు. ఈ రిజర్వేషన్ ఎందుకని వాదించే వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ ఒక్క సీటు గుర్తొస్తుంది. అది లేకపోతే తర్వాత కథ లేదు.

తర్వాత రియాద్‌లో మూడేళ్లు. ఇక్కడ ముస్లిం కాబట్టి పరాయిది. అక్కడ 'హిందీ' కాబట్టి పరాయిది. నీకు నమాజు వచ్చా అని అడిగేవాళ్లట. 2014లో నికా. మా బెహనోయిది హైదరాబాదే. చికాగోలో కారు నడుపుతాడు. ఎవడు చేసుకుంటడన్న మామూ వలీమాలో ముందు వరుసలో కూర్చుని బిర్యానీ తిన్నాడు.

చికాగోలో డివాన్ అవెన్యూ అని ఒక వీధుంది. మన దేశం, పాకిస్తాన్ దుకాణాల వీధి. హైదరాబాదీ ముస్లింలు ఆ నగరంలో చాలామంది. ఇక్కడి సర్టిఫికెట్లన్నీ అక్కడ పరిశీలనకు పంపి, ఇంగ్లిష్ పరీక్ష రాసి, ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసై, చోటీ అక్కడ రిజిస్టర్డ్ నర్సు అయ్యింది. ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివిన పిల్ల. హైదరాబాద్‌లో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఉర్దూలోనే పాఠాలు చెప్పారు. తర్వాత వైద్యం కూడా ఉర్దూలోనే నేర్పారు. దానికోసం దారుత్తర్జుమా అని అనువాద శాఖే నడిపారు. ఆ ఊరి నుంచి పోయిన పిల్ల ఇంగ్లిష్ రాదని పదేళ్లు సిగ్గుపడింది. సిగ్గు ఆమెది కాదు, మనది.

2020 మార్చి, ఏప్రిల్ నెలలు. చోటీ చికాగోలో కరోనా వార్డులో ఉంది. ఇక్కడ నిజాముద్దీన్ మర్కజ్ వార్త తర్వాత దేశంలో ప్రతి ముస్లిమూ రోగం మోసుకు తిరిగేవాడయ్యాడు. ముప్పై ఏళ్లుగా కూరగాయలమ్మే మా దూరపు చాచాను పక్క కాలనీలో బండి ఆపనియ్యలేదు. ఒక రోజు మా డెస్కులో ఒకాయన నా వైపు చూడకుండానే, 'ఈయనోళ్లే గదా అంటిస్తున్నది' అన్నాడు. జోకు లాగా.

అప్పుడు అన్నాను. "మా చెల్లె నర్సు. చికాగోలో కరోనా వార్డులో పని చేస్తోంది."

గది నిశ్శబ్దమైంది. ఒకరిద్దరు వచ్చి భుజం తట్టారు. ఆ రాత్రి గర్వంగా చోటీకి ఫోను చేసి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"పద్దెనిమిదేళ్ల నుంచి ఎవ్వరికీ చెప్పలే గదా భయ్యా. ఇయ్యాల అవసరమొచ్చింది. వాళ్లకు మంచి ముస్లిం సర్టిఫికెట్ చూపెట్టాలె, నన్ను చూపెట్టినవు. నేను సర్టిఫికెట్‌ను కాదు. కూరగాయల చాచా ఏ నర్సుకూ అన్న కాకపోతే ఆయన బండి ఆపొచ్చా?"

నేను రాసిన ఏ సంపాదకీయంలోనూ ఇంత సూటి మాట లేదు.

అదే ఫోనులో ఇంకో మాట చెప్పింది. మళ్లీ చదువుతానంది. ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చదువు. నర్సు ఎంతైనా నర్సే గదా, ఇంకా ఏం చదువు అనుకున్నాను. అర్థం కావడానికి ఆమే చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

1965లో అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఒక కోర్సు మొదలుపెట్టారు. పల్లెల్లో, పేదల వాడల్లో పిల్లలకు డాక్టర్లు దొరకడం లేదు. నర్సులున్నారు. వాళ్లకు ఇంకొంత శాస్త్రం నేర్పితే పిల్లల్ని పరీక్షించి మామూలు జబ్బులకు వైద్యం చేయలేరా అన్నది వాళ్ల ప్రశ్న. డాక్టర్లకు కోపమొచ్చింది. నర్సింగ్ పెద్దలకు కూడా వచ్చింది, 'మన పని వదిలి డాక్టర్ల వెంట పోతున్నా'రని. అరవై ఏళ్లలో ఆ ఒక్క కోర్సు పెరిగి, ఇప్పుడక్కడ నాలుగు లక్షలకు పైగా నర్స్ ప్రాక్టీషనర్లున్నారు. ఎక్కువమంది ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్లే. అంటే పసిపిల్ల నుంచి ముసలామె దాకా ఇంటిల్లిపాదినీ చూసేవాళ్లు. ఫోర్డ్ నూట నాలుగేళ్లు బతికి 2025 జనవరిలో పోయారు.

చదువు మాస్టర్స్ స్థాయిది. డాక్టరేట్ దాకా పోయేవాళ్లూ ఉన్నారు. ముందు మూడు గట్టి సబ్జెక్టులు: రోగం ఒంట్లో ఎట్లా పుట్టి ఎట్లా ముదురుతుందో చెప్పే పాథోఫిజియాలజీ, మందుల శాస్త్రం, తల నుంచి పాదం దాకా మనిషిని పరీక్షించే విధానం. తర్వాత పిల్లలు, గర్భిణులు, పెద్దలు, వృద్ధులు. దానితోపాటు అనుభవమున్న డాక్టరు దగ్గరో నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరో క్లినిక్‌లో పని. 2022లో సవరించిన ప్రమాణాల ప్రకారం అది కనీసం 750 గంటలు. అట్లా నేర్పేవాళ్లను ప్రిసెప్టర్ అంటారు. చాలా కాలేజీలు వాళ్లను వెతుక్కునే పని విద్యార్థులకే వదిలేస్తాయి. చోటీ నెలల తరబడి క్లినిక్‌ల చుట్టూ తిరిగింది. ఆమె పేరు చూసి కాదన్నారా, వేళ లేక కాదన్నారా, ఆమెకూ తెలియదు. 'ప్రతి దానికీ పేరు కారణం అనుకుంటే బతకలేం భయ్యా, ఏ దానికీ కాదనుకున్నా బతకలేం' అంది.

వారంలో మూడు రోజులు ఆసుపత్రి ఉద్యోగం, పన్నెండేసి గంటలు. మిగతా రోజులు చదువు. ఇద్దరు పిల్లలు. ఫజర్ నమాజుకు లేచి పుస్తకం తీసేది.

"అన్నిటికంటే కష్టం ఏంది?" అని అడిగాను ఒకసారి.

"ఇరవై ఏండ్లు డాక్టరు రాసింది చేసిన. తప్పు రాస్తే గుర్తుపట్టిన, మెల్లగ చెప్పిన. ఇప్పుడు అట్ల కాదు. నొప్పి అని వచ్చిన మనిషిని ముందల పెట్టి, ఇది ఏమేం కావచ్చో నువ్వే చెప్పు, ఏది కాదో ఎందుకు కాదో చెప్పు, అంటరు. రాసేది నేనైతే తప్పు కూడ నాదే గదా. ఆ భయం కొత్త."

చోటీ ఈ చదువు ఎందుకు ఎంచుకుందో ఆమె ఎన్నడూ నేరుగా చెప్పలేదు. నాకు తెలుసు. అమ్మీ కాలు.

అమ్మీకి షుగరు. 2018లో చెప్పు కొరికి కాలి వేలు పుండయ్యింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. షుగరు నరాలను దెబ్బతీస్తే నొప్పి తెలియదని, నొప్పి లేకపోవడమే ప్రమాదమని మాకెవరికి తెలుసు? వీధిలో ఆరెంపీ డాక్టరు సూది వేసి, పొడి చల్లి కట్టు కట్టాడు. రెండు వారాలు. ఆ పక్క వీధిలోనే నేనుంటాను. నేను చూడలేదు. చోటీ వీడియోలో చూసి, 'ఇప్పుడే, ఈ గంటలో పెద్ద దవాఖానకు తీసుకపో' అని అరిచింది. వేలు తీసేశారు. పాదం మిగిలింది. ఆరెంపీని తిట్టడం సులువు. మాకు పిలిస్తే పలికేది ఆయనొక్కడే. చదువుకున్న వాళ్లు ఆ వీధికి రానప్పుడు చదువుకోని వాడే డాక్టరవుతాడు.

2022లో అమ్మీ చనిపోయింది. అప్పుడు చోటీ కోర్సు నడుస్తోంది. రాలేకపోయింది. జనాజా ఫోనులో చూసింది. నలభై రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. నలభై ఒకటో రోజు ఫోను చేసి, 'పరీక్షలో పాదాల చాప్టరు వచ్చింది' అంది. అంతే అంది.

2024 రంజాన్ నెల. చోటీ చివరి క్లినిక్ గంటలు. డివాన్ దగ్గర పేదలు, ఇన్సూరెన్స్ లేనివాళ్లు వచ్చే క్లినిక్. పాతబస్తీ నుంచి కొడుకు దగ్గరికి పోయిన ఒక పెద్దామె వచ్చింది. ఆమె కాగితాల మీద ఇంతకుముందు ఎవరో రాశారు, మాట వినని రోగి, మందులు వాడదు అని. మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష బాగా ఎక్కువ చూపించింది. కొడుకు ఇంగ్లిష్‌లో చెబుతున్నాడు. చోటీ కొడుకును ఆపి, "ఖాలా, రోజే రఖ్ రై క్యా?" అని అడిగింది.

ఆమె ఏడ్చిందట. ఆ ఊళ్లో దవాఖానలో ఎవరూ తన మాటలో అడగలేదు. అసలు సంగతి ఏమంటే, షుగరును బాగా దించే మాత్ర ఒకటి సెహ్రీలో వేసుకుంటే మధ్యాహ్నానికి చెమటలు పట్టి కళ్లు తిరిగేవి. రోజా వదలడం ఇష్టం లేక మాత్రలే వదిలేసింది. వేలికి సూది గుచ్చి షుగరు చూసుకుంటే రోజా విరిగిపోతుందని అదీ మానేసింది. చోటీ ఇదంతా తన ప్రిసెప్టర్‌కు వివరించింది. ఇద్దరూ కూర్చుని ఆ మాత్రను ఇఫ్తార్ వేళకు మార్చి, మోతాదు సరిచేశారు. వేలికి గుచ్చితే రోజా పోదని చాలామంది ఆలిమ్‌లు చెప్పారని, షుగరు 70 కంటే తగ్గితే మాత్రం వెంటనే రోజా విరమించాలని, ప్రాణం కాపాడుకోవడం కూడా దీనేనని చెప్పింది.

మాట వినని రోగి కాదు ఆమె. ఆమె మాట వినని దవాఖాన అది.

చోటీ ఆ ఏడు పట్టా తీసుకుంది. జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష పాసైంది. ఇప్పుడు ఆమె రోగిని చూసి, పరీక్షలు రాసి, మందు రాయొచ్చు. కానీ స్వేచ్ఛగా కాదు. అక్కడ రాష్ట్రానికో చట్టం. సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ ఎవరి సంతకం లేకుండా వైద్యం చేయొచ్చు. టెక్సాస్‌లో మందు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాల్సిందే. చోటీ ఉన్న ఇల్లినాయిలో 2017లో తెచ్చిన చట్టం ప్రకారం, సర్టిఫికేషన్ తర్వాత 4,000 గంటల పని, 250 గంటల అదనపు శిక్షణ పూర్తిచేస్తేనే ఒప్పందం లేకుండా సొంతంగా చూడొచ్చు. అప్పటిదాకా ఒక డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

అక్కడి డాక్టర్ల సంఘాలకు ఇది ఇష్టం లేదు. మేము పదివేల గంటలకు పైగా నేర్చుకుంటాం, వీళ్లు కొన్ని వందల గంటలే అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. డబ్బు కడితే చాలు చేర్చుకునే కాలేజీలున్నాయని చోటీయే చెబుతుంది. 'మాకు తెలవనిది మాకు తెలవాలె భయ్యా. ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాల్నో తెలిసినోళ్లే మంచి ప్రాక్టీషనర్లు' అంటుంది. అయితే ఆ డాక్టరు అసలు రాని వీధిలో ఎవరుండాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ సంఘాల దగ్గర లేదు. మన దగ్గరా లేదు.

మన దగ్గర ఏం జరిగింది? 2016 నుంచి క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సుకు నర్సింగ్ కౌన్సిల్ దారి వేసింది. 2018లో కేంద్రం ప్రసవాలు చూసే నర్స్ ప్రాక్టీషనర్లకు మార్గదర్శకాలిచ్చింది. అంతకు ముందే 2017లో మన కరీంనగర్‌లో ఆ శిక్షణ మొదలైంది. పల్లె దవాఖానల్లాంటి చోట్ల నర్సింగ్ చదివిన వాళ్లకు ఆరు నెలల కోర్సు చెప్పి కూర్చోబెడుతున్నారు. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం, డాక్టర్లు కాని వాళ్లకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చనగానే డాక్టర్లు వీధికెక్కారు. ఆరు నెలలు చాలవని నేనూ అంటాను. అయితే రెండు మూడేళ్లు నేర్పండి. చట్టంలో పని రాయండి, జీతం రాయండి, గౌరవం రాయండి.

మా మొహల్లా నర్సమ్మ మా మాట తెలిసిన పిల్ల అయితే అమ్మీ వేలు ఉండేదేమో. వేలు చిన్నదే. అదే మా అమ్మది.

పోయిన నెల మా వీధిలో ఆటో నడిపే ఆయన కూతురు నా దగ్గరికొచ్చింది. ఇంటర్ పాసైంది. బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటే తండ్రి వద్దంటున్నాడు. 'పేపర్ల రాస్తరు గదా చాచా, మీరు చెబితే అబ్బా వింటడు' అంది. చేతిలో ఫారం. నాకు మా అల్మారా గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. అమెరికా సంగతి, జీతం సంగతి చెబితే తొందరగా ఒప్పుకుంటాడని తెలుసు. ఆ కథతో మొదలుపెట్టలేదు. 2002లో నేనేం చేశానో చెప్పాను. ఫారం ఎక్కడ పడేశానో చెప్పాను. అమ్మీ ఏమన్నదో చెప్పాను. ఆయన విన్నాడు.

"జనం ఏమంటరు సాబ్?" అన్నాడు.

అది నా మాటే. తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ఆయన ఇంకా ఒప్పుకోలేదు. దరఖాస్తుకు ఇంకా వారం గడువుంది. రేపు మళ్లీ పోతాను.